రెండోసారి అడిగితే

"మూడూ నాలుగూ కలిపితే ఎంతండీ?" అని అడిగాడు ఇంజినీరు శామ్యూల్.

కాశీపతి కిటికీవైపు చూస్తూ కూర్చున్నాడు. ఎడమ చెవి వెనక జుట్టు తీసేసిన చోట కుట్లు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. ఆరు నెలలుగా ఆయన్ని ఏది అడిగితే అదే తిరిగి చెబుతున్నాడు. "అన్నం తింటారా?" అంటే "అన్నం తింటారా?" అనేవాడు. "నేనెవర్నో చెప్పండి" అంటే అదే మాట అదే స్వరంలో అప్పజెప్పేవాడు. భార్య భ్రమరాంబ విసిగిపోయి "చాల్లెండి" అంటే "చాల్లెండి" అని ఊరుకునేవాడు.

"ఏడు," అన్నాడు కాశీపతి.

డాక్టర్ వకుళ చేతిలో పెన్ను జారి కిందపడింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు. శామ్యూల్ వెంటనే, "మీ పేరు?" అన్నాడు.

"కాశీపతి."

"మీ ఆవిడ పేరు?"

"భ్రమరాంబ."

భ్రమరాంబ గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పక్కనే ఉన్న ఆడపడుచు సీతారావమ్మ చేతులు జోడించి, "సింహాద్రప్పన్నా!" అని కళ్ళు తుడుచుకుని, ఆ వెంటనే శామ్యూల్ కేసి తిరిగి, "మూడూ నాలుగూ ఏమిటయ్యా, మా తమ్ముడు ఎక్కాలు ఇరవైదాకా చెప్పేవాడు. పెద్దది అడుగు," అంది.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో భ్రమరాంబ కూడా కలిసింది.

మాఘమాసంలో వచ్చింది ఆ జ్వరం. మూడో రోజుకి మెదడుకి ఎక్కింది. ప్రాణం నిలిచింది గాని, విన్న మాటకీ చెప్పాల్సిన జవాబుకీ మధ్య ఉండే భాగం, జాజికాయంత మేర, పాడైపోయింది. విశాఖలో సముద్రానికి ఎదురుగా కొండమీద ఉన్న ఈ పరిశోధనశాలలో డాక్టర్ వకుళ పదేళ్ళుగా అలాంటివాళ్ళ కోసమే ఒక బిళ్ళ తయారుచేస్తోంది. తులసాకు కన్నా చిన్నది. చెవి వెనక ఎముక కింద పెడతారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అక్షరాలూ అంకెలూ కలిసి నోరు తిరగనిదిగా ఉండేది. సీతారావమ్మ దాన్ని పలుకుబిళ్ళ అంది. వారం తిరిగేసరికి డాక్టర్లు కూడా అలాగే అనసాగారు.

బిళ్ళ పెట్టి నాలుగు నెలలైంది. దాని లోపల మనం ఆఫీసుల్లో చూసే వెబ్ సర్వర్ లాంటిదే ఉంటుందని శామ్యూల్ మొదట్లోనే చెప్పాడు. అడిగిన మాట లోపలికి వెళ్తుంది, జవాబు బయటికి రావాలి. జవాబు అల్లే మాడ్యూల్ని మాత్రం ఈ ప్రశ్నలడిగిన శనివారం ఉదయమే పెట్టారు. అది ఆవగింజంత. దాని వేళ్ళు బతికున్న మెదడుకణాల్లోకి దిగి, వాటినే అడిగి, అప్పటికప్పుడు జవాబు తయారుచేయాలి.

"కంప్యూటర్లో చూశాం అమ్మగారూ, జాబితాలో మాడ్యూల్ పేరు కనిపిస్తోంది," అన్నాడు శామ్యూల్ సంతోషంగా. "ఎక్కింది."

జాబితా అన్న మాట వినగానే భ్రమరాంబకి ఏదో గుర్తుకొచ్చినట్టయింది. ఏమిటో ఆ క్షణాన తెలియలేదు.

మర్నాడు ఆదివారం. పరిశోధనశాల వెనకే రోగుల కుటుంబాల కోసం రెండేసి గదుల ఇళ్ళు ఉన్నాయి. అక్కడ తెల్లవారాక, స్నానం చేయించి పట్టుపంచ కట్టి పీటమీద కూర్చోబెడితే, ఆరు నెలల తర్వాత మొదటిసారి కాశీపతి పంచపాత్రలో ఉద్ధరిణి ముంచాడు. ఆచమనం చేశాడు. సంకల్పం అందుకున్నాడు. ఆ గొంతు ఇల్లంతా నిండింది. సీతారావమ్మ చెంగు నోటికడ్డం పెట్టుకుని గుమ్మంలోనే కూలబడింది. భ్రమరాంబ వంటగదిలో పోపుగరిటె పట్టుకుని అలాగే నిలబడి వింది.

"…సౌమ్యనామ సంవత్సరే, ఉత్తరాయణే, శిశిర ఋతౌ, మాఘమాసే, కృష్ణపక్షే…" అని, ఒక చిన్న దగ్గు దగ్గి, "…పంచమ్యాం తిథౌ, బృహస్పతివాసరే…"

భ్రమరాంబ గరిటె కింద పెట్టింది. ఆ ఆదివారం శ్రావణ శుద్ధ పంచమి. ఉగాది వెళ్ళి, ఏడాది పేరు కూడా మారింది.

పోనీలే, అనుకుంది. జబ్బుమనిషి. తేదీ ఎవరు చెప్పారు గనక ఆయనకి? పూజ అయ్యాక పక్కన కూర్చుని పంచాంగం విప్పి, "ఇవాళ శ్రావణ శుద్ధ పంచమి, ఆదివారం అండీ. రేపు షష్ఠి, సోమవారం," అని చెప్పింది.

"ఆఁ, చూశాలే," అన్నాడాయన. ఎప్పుడూ అనేదే ఆ మాట.

సోమవారం మళ్ళీ మాఘమాసే, కృష్ణపక్షే. మళ్ళీ అదే చోట అదే చిన్న దగ్గు. మంగళవారం ఆవిడ చేతిలో పని లేకుండా గుమ్మంలోనే నిలబడి వింది. కృష్ణపక్షే అన్నాక, తాను మనసులో దగ్గు అనుకునేసరికి, ఆయన దగ్గాడు. జ్వరం వచ్చిన రోజు పొద్దున ఆయన సంకల్పం చెబుతూ దగ్గిన దగ్గు అది. ఆ రోజు ఆవిడే అడిగింది, "గొంతు పట్టిందా, మిరియాలు కాచివ్వనా?" అని.

కాఫీ తెచ్చి ఇచ్చింది. తాగి, "పంచదార తక్కువేశావే," అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆయన రోజూ అనే మాటే. భ్రమరాంబ వంటగదిలోకి వెళ్ళి, ఇంకో కప్పులో నాలుగు చెంచాల పంచదార పోసి, పాకంలా కలిపి తెచ్చింది. ఆయన తాగాడు.

"పంచదార తక్కువేశావే," అన్నాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది ఆవిడకి, జాబితా అన్న మాట ఎక్కడ విన్నదో.

విజయనగరంలో కాశీపతి ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ గది చూసుకునేవాడు. ఆ పనితోబాటు సొంత సరదాకి ఒక పంచాంగం పేజీ నడిపేవాడు. తెలిసినవాళ్ళు వందమంది దాకా పొద్దున్నే ఫోనులో అది తెరిచి తిథీ నక్షత్రం చూసుకునేవాళ్ళు. ఒక వేసవిలో పాత సర్వర్ తీసి కొత్తది పెట్టారు. మర్నాడు తెల్లవారి ఫోన్లే ఫోన్లు. తిథి రావలసిన చోట బ్రాకెట్లూ, చుక్కలూ, ఇంగ్లీషు ముక్కలూ వచ్చాయి. "ఏం కాశీపతీ, ఇవాళ తిథి బ్రాకెట్టా? ఉపవాసం ఉండాలా వద్దా?" అని ఒక పెద్దాయన అడిగాడు.

కాశీపతి నవ్వుతూ భార్యని పిలిచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడ చదివింది ఏడో తరగతి. అయినా ఏదైనా విప్పి చెప్పాలంటే ఆయనకి ఆవిడే కావాలి.

"సర్వరు తపాలా బంట్రోతులాంటివాడే. అడిగిన కాగితం తెచ్చి చేతిలో పెడతాడు, అంతే. కాగితంలో 'ఇవాళ తిథి లెక్కకట్టి ఇక్కడ వెయ్యి' అని నేను రాశాననుకో, దాన్ని చదివి ఆ పని చేసేవాడు ఇంకొకడు ఉండాలి. వాణ్ణే మాడ్యూల్ అంటాం. వాడు లేకపోతే బంట్రోతు నేను రాసిన కాగితం ఉన్నదున్నట్టు జనం చేతిలో పెట్టేస్తాడు. ఇవాళ అదే అయింది."

"వాడున్నాడో లేడో సర్వర్నే అడగొచ్చుగా? పనివాళ్ళ జాబితా ఉంటుంది గదా," అంది భ్రమరాంబ.

"జాబితాలో పేరుంటే? హాజరుపట్టీలో పేరున్నవాళ్ళందరూ క్లాసులో ఉంటారటే?"

మాడ్యూల్ ఎక్కించి, ఆయన ఒకే ఒక వాక్యం ఉన్న ఫైలు రాశాడు. ఇప్పుడు టైమెంతో చెప్పమని. తెరమీద పదకొండు గంటల నాలుగు నిమిషాల ముప్ఫై ఏడు సెకన్లు అని పడింది. ఆవిడకి ముచ్చటేసింది. ఆయన మాత్రం లేవలేదు. "ఆగు, రెండోసారి అడిగి చూడాలి. సెకన్లు కదలకపోతే అది పాత కాపీ. పాత కాపీని నమ్మి ఎంతమంది సంబరపడి ఇంటికెళ్ళిపోయారో!" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం భ్రమరాంబ డాక్టర్ గదికి వెళ్ళి ఈ సంగతంతా చెప్పింది. దగ్గు గురించి చెప్పింది, నాలుగు చెంచాల పంచదార గురించి చెప్పింది. డాక్టర్ వకుళ ఓపిగ్గా వింది. "తేదీలు మరిచిపోవడం మామూలేనమ్మా. నూట పన్నెండు ప్రశ్నలడిగాం. నూట తొమ్మిది సరిగ్గా చెప్పారు," అంది.

"అన్నీ జవాబు ముందే ఉన్న ప్రశ్నలేనేమో అమ్మా?"

"జవాబు ముందే తెలియకపోతే తప్పో ఒప్పో మేమెలా దిద్దుతాం?" అంటూనే వకుళ ఆగిపోయింది. శామ్యూల్ తల ఎత్తి ఆవిడ వైపు చూశాడు. పదేళ్ళ పని ఆ ఒక్క మాట దగ్గర నిలబడిపోయింది.

ముగ్గురూ కాశీపతి దగ్గరికి వెళ్ళారు. శామ్యూల్ తన గడియారం విప్పి ఆయన చేతిలో పెట్టాడు. రెండూ ఇరవై అయింది.

"టైమెంతండీ?"

"ఏడున్నర," అన్నాడు కాశీపతి, గడియారం చూస్తూనే.

ఐదు నిమిషాలు ఆగి మళ్ళీ అడిగారు. "ఏడున్నర." గడియారం తీసుకుని మళ్ళీ అడిగారు. "ఏడున్నర." ఏ పొద్దుటి ఏడున్నరో అది, ఎవరు అడిగితే చెప్పిందో.

శామ్యూల్ ఆ రోజంతా కంప్యూటర్ ముందునుంచి లేవలేదు. బుధవారం పొద్దున వచ్చి భ్రమరాంబ ఎదురుగా కూర్చున్నాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"మాడ్యూల్ ఉంది అమ్మగారూ. బతికే ఉంది. కాని ఈ నాలుగు రోజుల్లో దాని దాకా ఒక్క మాట కూడా వెళ్ళలేదు. బిళ్ళ ఇన్నాళ్ళూ ఆయన పాత మాటలన్నీ తనలోకి కాపీ చేసుకుంది. అదొక కొట్టు. శనివారం మేం జవాబు దారి తెరిచిన దగ్గర్నుంచీ, అడిగిన మాట ముందు ఆ కొట్లోకి వెళ్తోంది. సరిగ్గా దొరికితే సరే, దొరక్కపోతే దానికి దగ్గరగా ఉన్నదేదో ఇచ్చేస్తోంది. యాభై ఎనిమిదేళ్ళు బతికిన మనిషి దగ్గర దేనికైనా ఏదో ఒక పాత జవాబు ఉంటుంది కదండీ. ఇక లోపలికి వెళ్ళే పనేముంది?"

"కొట్టుకి తాళం వెయ్యలేరా బాబూ?"

"వేశాం. మాటని మోసే మెదడుకణాలు ఆ తాళం దగ్గరికే పోయి ఆగుతున్నాయి. కొట్టు ఖాళీ చేస్తేనే అవి వేరే దారి వెతుక్కుంటాయి."

"చేసెయ్యండి మరి."

శామ్యూల్ తల వంచుకున్నాడు. డాక్టర్ వకుళే చెప్పింది. "కుళాయి వచ్చాక ఎవరూ నూతిలో పూడిక తియ్యరు కదమ్మా. బిళ్ళ కాపీ చేసుకున్న జ్ఞాపకాల్ని మెదడు వదిలేసింది. మేం అది ముందుగా ఊహించలేదు. నన్ను క్షమించండి. కొట్టు ఖాళీ చేస్తే ఆయన పేరూ, మీ పేరూ, పెళ్ళీ, సంకల్పం, అన్నీ పోతాయి. మాట తెలుస్తుంది, అర్థం తెలుస్తుంది. గడిచిన బతుకు మాత్రం ఉండదు. చెయ్యకపోతే శుక్రవారం దాటాక మాడ్యూల్ వేళ్ళు ఎండిపోతాయి. మళ్ళీ పెట్టడానికి కుదరదు. అప్పుడు ఎప్పటికీ ఇప్పుడున్నట్టే ఉంటారు. ఖాళీ చేసినా అది పనిచేస్తుందని నేను హామీ ఇవ్వలేను. సంతకం మీరే పెట్టాలి."

బయటికి వచ్చాక సీతారావమ్మ మండిపడింది.

"మతిపోయిందా నీకు? మాటాడుతున్నాడు, పూజ చేసుకుంటున్నాడు, అడిగితే నీ పేరు చెబుతున్నాడు. ఇంకేం కావాలే? తిథి తప్పితే ఏం, నువ్వు పక్కన కూర్చుని సరిచెయ్యి!"

"సరిచేస్తే వినడానికి ఆయనుండాలి గదా వదినగారూ."

"ఉన్నాడు. నా ఎదురుగా ఉన్నాడు. నాకు వినిపిస్తోంది వాడి గొంతు."

"నాకూ వినిపిస్తోంది. అదే భయం."

"ఎల్లుండి వరలక్ష్మీ వ్రతం నాడు మొగుడి జ్ఞాపకాలు తుడిపించుకున్న ఆడది ఈ లోకంలో నువ్వొక్కతివే అవుతావు, జ్ఞాపకం పెట్టుకో," అని సీతారావమ్మ ముఖం తిప్పుకుంది. కాసేపటికి తనే మళ్ళీ చెయ్యి పట్టుకుని, "నన్నూ మరిచిపోతాడటే? ఎత్తుకుని తిప్పాను వాణ్ణి," అంది. భ్రమరాంబ ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుంది.

గురువారం సాయంత్రం దీపం పెట్టి ఆవిడ చాలాసేపు కూర్చుంది. మనిషంటే తన జ్ఞాపకాల మూటేనా? ఆ మూట విప్పి పారబోస్తే కట్టుకున్నవాడు మిగులుతాడా? ఏ జన్మ సంగతులూ మనకి గుర్తులేవు. అయినా జీవుడు వాడే అంటారు పెద్దలు. అది నిజమేనా స్వామీ, లేక మమ్మల్ని ఓదార్చడానికి చెప్పిన మాటా? అడిగింది. దీపం నిశ్చలంగా ఉంది.

సంతకం పెట్టాల్సిన కాగితాలు తెచ్చిన శామ్యూల్ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. దీపం వైపు చూసి, మెల్లిగా, "మా ఇంట్లో మేమూ రోజూ ప్రార్థన చేస్తాం అమ్మగారూ. తిరిగి జవాబేం వినపడదు. ఈ లెక్కన దేవుడికి కూడా పరీక్ష పెట్టాలేమో," అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

"ఆయన మాటాడడు బాబూ, నిజమే. కాని నేను అన్న మాటని నాకే తిప్పి చెప్పి, ఇదే నా జవాబు అనడు గదా. ఊరుకుంటాడు. ఊరుకోవడం వేరు." ఆ మాట అన్నాక ఆవిడకి తన మనసేమిటో తెలిసింది. చెయ్యి చాపి కాగితాలు అందుకుంది.

"ఆయన మాటలన్నీ రికార్డు చేసి ఇస్తాం. మీ దగ్గర ఉంటాయి. తిరిగి ఆయనలో పెట్టడం మాత్రం..."

"వదినగారికి ఇవ్వండి," అని సంతకం పెట్టింది.

శుక్రవారం తెల్లవారుతూనే కలశం పెట్టి, తోరం కట్టుకుని, క్లుప్తంగా వ్రతం ముగించింది. ప్రసాదం ఆయన నోట్లో పెట్టింది. "ఏమే, శనగలు ఉడకలేదు," అన్నాడు. శనగలు మెత్తగా ఉన్నాయి. ఆవిడ ఆయన పాదాలకి దణ్ణం పెట్టి లేచింది.

తొమ్మిదింటికి శామ్యూల్ మీట నొక్కాడు. చప్పుడేం లేదు. తెరమీద ఒక గీత నిండుగా ఉన్నది కాస్తా కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. కాశీపతి కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖం మీద ముప్ఫై ఒక్క ఏళ్ళుగా భ్రమరాంబకి తెలిసిన ముడతలు ఒక్కొక్కటే సడలిపోయాయి. కోపానికి మడత పడే నుదురు సాపయింది. గీత అయిపోయింది.

"అయింది," అన్నాడు శామ్యూల్.

"మీ పేరేమిటి?" అని అడిగింది డాక్టర్ వకుళ.

మౌనం.

"మూడూ నాలుగూ కలిపితే?"

మౌనం. అడిగిన మాట తిరిగి చెప్పడం కూడా లేదు. గోడ గడియారం ముల్లు కదులుతున్న చప్పుడు వినిపిస్తోంది. పది నిమిషాలైంది. ఇరవై నిమిషాలైంది. సీతారావమ్మ ఎప్పుడో బయటికి వెళ్ళిపోయింది.

భ్రమరాంబ వెళ్ళి ఆయన ఎదురుగా నేలమీద కూర్చుంది. ఏమడగాలో తెలియలేదు. ఏ ప్రశ్న తీసుకున్నా, అది తమ ఇద్దరి పాత బతుకులోంచే వస్తోంది. చివరికి, "ఏవండీ, అక్కడ ఏం కనిపిస్తోంది?" అంది.

ఆయన కళ్ళు కదిలాయి. ఆవిడ మీంచి కిటికీలోకి వెళ్ళాయి. పెదవులు విడి, మళ్ళీ కలుసుకున్నాయి.

"నీళ్ళు," అన్నాడు.

గొంతు అదే. కాని ఆ మాట ఎక్కడో లోతునుంచి తవ్వి తీసినట్టు, తడితడిగా, నెమ్మదిగా వచ్చింది.

"చాలా నీళ్ళు. మీద... పెద్దది. ఇల్లులా ఉంది. చిన్నది దాన్ని లాగుతోంది. పెద్దది వెనక్కి నడుస్తోంది."

శామ్యూల్ ఒక్క అంగలో కిటికీ దగ్గరికి వెళ్ళాడు. కింద, హార్బరు నోటి దగ్గర, ఒక చిన్న పడవ తాడు కట్టి పెద్ద ఓడని వెనక్కి లాగుతోంది. అది అప్పుడే, ఆ నిమిషంలోనే జరుగుతోంది. ఏ కొట్లోనూ లేదు, ఎవరూ రాసిపెట్టలేదు. శామ్యూల్ కిటికీ చువ్వలు పట్టుకుని ఛాతీమీద శిలువ గుర్తు వేసుకున్నాడు. వకుళ అతని వెనకే వచ్చి ఓడనీ, కుర్చీలో ఉన్న మనిషినీ మార్చి మార్చి చూసింది. అప్పుడే పుట్టినదాన్ని చూసినట్టు చూసింది.

కాశీపతి కళ్ళు ఓడమీంచి తిరిగి వచ్చి, కింద కూర్చున్న మనిషి మీద ఆగాయి.

"మీరెవరు?" అన్నాడు.

ఏమే అని తప్ప పిలవని మనిషి మీరు అన్నాడు. ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆవిడ తట్టుకుని చెప్పింది.

"భ్రమరాంబ."

"భ్రమరాంబ," అన్నాడు ఆయన.

గదిలో మళ్ళీ అందరి ఊపిరీ ఆగింది. శామ్యూల్ వెనక్కి తిరిగాడు. అడిగింది అడిగినట్టు, చెప్పింది చెప్పినట్టు... మళ్ళీ అదేనా?

కాశీపతి కుర్చీలోంచి కొద్దిగా ముందుకి వంగాడు. ఆవిడ ముఖాన్ని, ఎప్పుడూ చూడనిదాన్ని చూసినట్టు, పరీక్షగా చూశాడు. చెయ్యెత్తి, తాకవచ్చో లేదో తెలియక, గాలిలోనే ఆపాడు.

"మీరెందుకు ఏడుస్తున్నారు?" అన్నాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన ఆ మాట ఎన్నడూ అడగలేదు. అందుకని ఆవిడ దగ్గర కూడా దానికి జవాబు సిద్ధంగా లేదు. భ్రమరాంబ లేచి, పక్కనున్న కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుని కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టింది.